మీ తమ్ముడు ఎవరి పనిలో ఉన్నాడో ముందు తేల్చండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా తమ్ముడు (30) హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తూ, ఇరవై నెలల కిందట స్లాబ్ కూలి చనిపోయాడు. అమ్మ, అతని భార్య, మూడేళ్ల పాప నా దగ్గరే ఉన్నారు. స్లాబ్ సరిగా గట్టిపడకముందే సెంట్రింగ్ విప్పించారని తోటి కూలీలు ఇద్దరు చెప్పారు. గాలివాన వల్ల కూలిందని బిల్డర్ అంటున్నాడు. ఇప్పుడేమో మా తమ్ముడే తాగి వచ్చి స్లాబ్ కింద నిలబెట్టిన జాకీలు లాగేశాడని వాచ్‌మన్ చేత చెప్పిస్తున్నారు. ఈ నింద తట్టుకోలేకపోతున్నాం. మా ఊరి కుర్రాడు ఆ రోజు అక్కడ లేడు గానీ కళ్లారా చూశానని చెబుతానంటున్నాడు. చెప్పించమంటారా? బిల్డర్ ఐదు లక్షలు ఇస్తానని ఒక కాగితం పంపాడు.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు బిల్డింగ్ ఎందుకు కూలిందన్న దాని గురించే. మీ మరదలికి రావాల్సిన పరిహారానికి ఆ మూడు పేజీలతో పనిలేదు.

ఆమెకున్న దారి 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా, మీ ప్రమాదం అంతకుముందుది కాబట్టి హక్కు పాత చట్టం కిందే పుట్టింది. అందులో యజమాని తప్పు నిరూపించనక్కర్లేదు. పనిలో ఉండగా, ఆ పని వల్ల ప్రమాదం జరిగితే చాలు. తాగి ఉన్నాడు, భద్రతా నియమం మీరాడు అన్న వాదన గాయాల కేసుల్లో పనికొస్తుంది. మనిషి చనిపోతే అది యజమానిని కాపాడదని సెక్షన్ 3లోనే ఉంది. వాచ్‌మన్ మాట నిజమే అనుకున్నా పరిహారం ఆగదు.

కేసు నిలిచేది ఒక్క విషయం మీద: ఆ రోజు మీ తమ్ముడు ఆ బిల్డర్ పనిలో ఉన్నాడా? మీరు జతచేసిన కాగితం మూడో పేరాలో ‘మృతుడు మా పనివాడు కాదు, స్నేహితుణ్ణి చూడటానికి వచ్చాడు’ అని రాశారు. మీకు ఐదు లక్షలు కనిపించాయి, ఈ వాక్యం కనిపించలేదు. హక్కు వదులుకుంటూ రాసిచ్చే ఒప్పందం సెక్షన్ 17 కింద చెల్లదు, నిజమే. కానీ ఈ వాక్యం కింద మీ మరదలు సంతకం పెడితే, రేపు దాన్నే ఆమె ఒప్పుకోలుగా చూపిస్తారు. సంతకం పెట్టనివ్వకండి. మరణ పరిహారాన్ని ఈ చట్టం కింద కేసులు తేల్చే కమిషనర్ దగ్గరే జమ చేయాలి. లెక్క కూడా చూడండి: జీతం నెలకు 15,000 వరకే తీసుకుంటారు, అందులో సగం 7,500, ముప్పై ఏళ్ల వయసుకు గుణకం 207.98. మొత్తం 15,59,850 రూపాయలు. ఆలస్యానికి 12 శాతం వడ్డీ అదనం.

తమ్ముడి ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశామని ఒక్క ముక్కలో రాసేశారు. మేస్త్రీ కూలి వేసిన లెక్కలు, సైట్ ఫొటోలు అందులోనే ఉన్నాయట. ఇంత అజాగ్రత్త ఏమిటండీ? సరే, బ్యాంకు స్టేట్‌మెంట్ తీయిస్తే మేస్త్రీ వేసిన డబ్బు అందులో కనిపిస్తుంది. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. పంచనామాలో ఎక్కడ, ఏ పనిలో ఉండగా చనిపోయాడో రాసి ఉంటుంది. ‘మేస్త్రీ మనిషి, మా మనిషి కాదు’ అని బిల్డర్ తప్పించుకోబోతే దానికి సెక్షన్ 12 ఉంది. కాంట్రాక్టర్ ద్వారా తన పనే చేయించుకున్నవాడూ బాధ్యుడే.

ఇక మీ ఊరి కుర్రాడు. వద్దు, ఆ ఆలోచనే వద్దు. ఆ రోజు అతని ఫోన్ ఏ టవర్ కింద ఉందో తీయిస్తే అబద్ధం బయటపడుతుంది. అతను జైలుకు వెళ్లే ప్రమాదం ఒకటి, నిజంగా చూసిన ఆ ఇద్దరు కూలీల మాట కూడా మట్టికొట్టుకుపోవడం మరొకటి. పైగా సాక్షి చెప్పగలిగేది చూసినదే: స్లాబ్ ఏ రోజు వేశారు, జాకీలు ఏ రోజు తీశారు, తీయమన్నది ఎవరు. ఎందుకు కూలిందో తేల్చాల్సింది ఇంజనీర్లు. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో మన ఉత్తరాంధ్ర కూలీలు చాలామంది. పిడుగు పడిందని కట్టినవాళ్లు అన్నారు. జస్టిస్ రేగుపతి కమిషన్ మాత్రం నిర్మాణంలోనే లోపాలు చూపింది. మీ తమ్ముడి మీద నింద చెరిగేది కూడా క్రిమినల్ కేసులో అలాంటి సాంకేతిక నివేదికతోనే. దాని కోసం దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి.

కానీ క్రిమినల్ కేసు తేలేదాకా ఆగకండి. పరిహారం దరఖాస్తుకు గడువు మరణం నుంచి రెండేళ్లు. మీకు మిగిలింది నాలుగు నెలలు. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. దరఖాస్తు మీ పేరున కాదు, మీ మరదలు, పాప, మీ అమ్మగారి పేరున వేయాలి. హైదరాబాద్ తిరగనక్కర్లేదు, వాళ్లు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. కోట్లలో సివిల్ దావా వేద్దామన్న మీ బంధువు మాట వినకండి. ఆ దావా వేస్తే ఈ చట్టం కింద పరిహారం అడిగే హక్కు పోతుంది.

కూలీల్లో ఒకతను ఈ నెలాఖరుకు ఒడిశా వెళ్లిపోతున్నాడని రాశారు. అతను బస్సెక్కేలోపు ఊరి అడ్రసు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాసుకోండి. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం నమోదు చేయించమని పెట్టే అర్జీ ఈ వారమే స్టేషన్‌లో ఇచ్చి, రసీదు తీసుకోండి.