కిటికీ ఫ్రేములో దాగిన గొట్టాలు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా అల్యూమినియం కిటికీలు, తలుపులు చేస్తున్నాను. మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఆనోడైజింగ్ పొర రంధ్రాల్లో, కొలిమి వేడి మీద కార్బన్ గొట్టాలు తయారుచేస్తారని, వాటిని అయస్కాంతంతో లాగొచ్చని చెబుతోంది. అల్యూమినియం 660 డిగ్రీలకే నీరైపోతుంది. మరి అంత వేడిలో కార్బన్ ఎలా పట్టిస్తారు? పైగా అయస్కాంతానికి అల్యూమినియమూ అంటుకోదు, బొగ్గూ అంటుకోదు కదా మాస్టారూ?
– ఒక పాఠకుడు, ఆటోనగర్

జవాబు: మంచిచోట పట్టుకున్నారు. కొలిమిలోకి అల్యూమినియం వెళ్లదండీ. దాని మీద పెరిగిన పొర ఒక్కటే వెళ్తుంది.

ఫ్రేములకు బంగారు రంగో, కాఫీ రంగో పట్టించేవాళ్లు ముందు వాటిని సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలో వేలాడదీసి, పాజిటివ్ వైరు తగిలించి కరెంటు ఇస్తారు. పైన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర పెరుగుతుంది. ఆనోడైజింగ్ అంటే ఇదే. దాన్నిండా కంటికి కనపడని నిలువు రంధ్రాలు, తేనెపట్టు గదుల్లాగా. రంగు దిగేది వాటిలోకే. తర్వాత మరిగే నీళ్లలో ముంచితే మూతులు ఉబ్బి మూసుకుపోతాయి. ల్యాబులో ఆ చివరి ముంచుడు ఉండదు, రంధ్రాలు తెరుచుకుని ఉండాలి మరి. సల్ఫ్యూరిక్‌కు బదులు చాలాసార్లు ఆక్సాలిక్ యాసిడ్ వాడి 40 వోల్టులు ఇస్తారు. వోల్టుకు సుమారు రెండున్నర నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు) చొప్పున, రంధ్రానికీ రంధ్రానికీ దూరం 100 నానోమీటర్లు వస్తుంది. వరస తప్పకుండా రంధ్రాలు తేలిన ఇలాంటి పొరను జపాన్‌లో మసూదా, ఫుకుదా 1995లో చూపించారు.

ఇప్పుడు మీ 660 డిగ్రీల సంగతి. కాపర్ క్లోరైడ్ ద్రావణంలో వేస్తే అడుగునున్న లోహాన్ని అది తినేస్తుంది, పొర మిగులుతుంది. రంధ్రాల అడుగు మూసుకుని ఉంటుంది గనక దాన్ని పలచటి ఫాస్ఫారిక్ యాసిడ్‌తో తెరుస్తారు. అల్యూమినా 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. కాబట్టి 600–800 డిగ్రీల కొలిమిలో పెట్టి ఇథిలీన్ లాంటి వాయువు పంపొచ్చు. లాంతరు చిమ్నీకి మసి పట్టినట్టు రంధ్రాల గోడలకు కార్బన్ పడుతుంది. తెల్లగా వెళ్లిన పొర నల్లగా బయటికొస్తుంది.

ఇంత సన్నటి కార్బన్ గొట్టాన్నే నానోట్యూబ్ అంటారు. ఆ పేరు అనగానే ఉక్కును మించిన బలం అని ఊదరగొడతారు చూడండి, ఇవి ఆ జాతి కాదు. జపాన్ శాస్త్రవేత్త ఇయిజిమా 1991లో చూపించిన వాటిలో గ్రాఫైట్ పొరలు చక్కగా చుట్టుకుని ఉంటాయి. వీటిలో కార్బన్ చిందరవందరగా ఉంటుంది. కానీ ఎంత లావు కావాలంటే అంత లావు చేసుకోవచ్చు, రెండు వైపులా నోళ్లు తెరిచే ఉంటాయి. మనకు కావలసింది ఆ నోళ్లే.

అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీవాళ్లు 2005లో చెప్పిన పద్ధతి ఇది. గొట్టాలు ఇంకా పొరలో ఉండగానే పైన ఫెర్రోఫ్లూయిడ్ అనే అయస్కాంత ద్రవం చుక్క వేస్తారు. అందులో 10 నానోమీటర్ల ప్రాంతంలో మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఐరన్ ఆక్సైడ్) రేణువులు తేలుతుంటాయి. ఒత్తి నూనె పీల్చినట్టు గొట్టాలు దాన్ని పీల్చేస్తాయి. తడి ఆరిపోతుంది, రేణువులు లోపలే ఉండిపోతాయి. అప్పుడు కాస్టిక్ సోడాలో వేసి అల్యూమినాను కరిగిస్తారు. అల్యూమినియం గిన్నెను సోడాతో తోమొద్దని ఇంట్లో ఆడవాళ్లు అంటారే, అదే కారణం. సోడా కార్బన్ జోలికీ, మాగ్నెటైట్ జోలికీ పోదు. యాసిడ్ వాడితే మాగ్నెటైటే పోతుంది. ఇక అయస్కాంతం లాగేది రేణువుల్ని. ఎద్దు కదిలితే బండి కదలదూ?

ప్రశ్న: కరిగిన పాలిస్టైరిన్ (ఒక రకం ప్లాస్టిక్) ఈ ఆనోడైజింగ్ పొర రంధ్రాల్లోకి వెళ్తే నిండిపోవాలి కదా సార్, గొట్టం ఎందుకవుతుంది? మా కాలేజీ ల్యాబులో చేయొచ్చా?
– బీఎస్సీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: ప్రమిదలో నూనె అంచెక్కి బయటికి పాకడం చూశావుగా అమ్మా. కరిగిన ప్లాస్టిక్ కూడా ముందు గోడ పట్టుకుని పలచటి పొరలా పాకుతుంది. దానికి నిమిషాలు చాలు. నడిమధ్య నిండడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. ఈలోపు చల్లారిస్తే బోలు గొట్టం, ఊరుకుంటే కడ్డీ. 2002లో జర్మనీలో స్టైన్‌హార్ట్ బృందం ఇలాగే చేసింది. పాలిస్టైరిన్ కాస్టిక్ సోడాకు తట్టుకుంటుంది. పాలిస్టర్ రకాలతో మాత్రం జాగ్రత్త, సోడా వాటిని తినేస్తుంది.

ల్యాబులో మీ లెక్చరర్ పక్కనుంటే ఆనోడైజింగ్ వరకు చేయండి. నేను కొత్తగా చేరిన ఏడాది పిల్లల ముందు గొప్పగా మొదలుపెట్టాను. అల్యూమినియం రేకు నుంచి బుడగలు జోరుగా వస్తుంటే భలే పని జరుగుతోందనుకున్నా. ఇరవై నిమిషాలయ్యాక ఎర్ర రంగులో ముంచి తీసి, కుళాయి కింద పెట్టాను. రంగంతా సింకులోకి పోయింది, రేకు మెరుస్తూ మిగిలింది. వెనక బెంచీలో నవ్వులు. రేకుకు తగిలించింది నెగటివ్ వైరు!