ప్రాఫెట్-600లో టీన్సీ బోర్డు వేసినా నోట్ లేట్ అవుతోందా? ముందు ఇవి చూడండి

ప్రాఫెట్-600 అనే పాత సింథసైజర్ కీబోర్డులో జెడ్-80 ప్రాసెసర్ తీసేసి, టీన్సీ++ అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద గ్లిగ్లి ఫర్మ్‌వేర్ (సింథ్‌ను నడిపే కొత్త ప్రోగ్రామ్) వేయించినా నోట్ లేటుగానే మోగుతోంది, ఇంకా ఏం మార్చాలి అని అడిగారు. బోర్డు మీద ఇంకో రూపాయి పెట్టకముందు, ఆ ఆలస్యం ఎక్కడ పుడుతోందో తేల్చుకోండి. నెల్లూరులో మా ఆర్కెస్ట్రా మిత్రుడి సింథ్ కూడా ఇదే, మార్పు కూడా ఇదే. దాన్ని విప్పి బాగుచేసుకున్న అనుభవంతో చెబుతున్నాను.

ముందు మిడి కేబుల్ (వేరే కీబోర్డు, కంప్యూటర్ నుంచి నోట్ల సమాచారం తెచ్చేది) పీకేసి, సింథ్ కీల మీదే వాయించండి. శబ్దం వైరుతో కలిపిన స్పీకర్‌లోనే వినాలి. బ్లూటూత్ స్పీకర్ అయితే అదొక్కటే వంద మిల్లీసెకన్లకు పైగా తినేస్తుంది. ఫోన్‌ను కీల పక్కనే పెట్టి రికార్డు చేసి, ఆ ఫైలును కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో పెద్దది చేసి చూడండి. కీ అడుక్కి తగిలిన టక్ ఒక గీతలా కనిపిస్తుంది, నోట్ ఎక్కడ మొదలైందో కూడా తెలుస్తుంది. రెండూ దాదాపు ఒకచోటే ఉంటే మీ సింథ్ బాగానే ఉన్నట్టు, తేడా బయట ఉన్నట్టు.

రెండిటి మధ్య ఖాళీ ఉంటే మొదట ఎన్వలప్‌లను (నోట్ ఎంత త్వరగా లేవాలో, ఎలా తగ్గాలో నిర్ణయించేవి) అనుమానించండి. 1982 చివర్లో వచ్చిన ఈ సింథ్‌లో ఎన్వలప్‌లకు విడి సర్క్యూట్లు లేవు. ఆరు వాయిస్‌లకు (ఒకేసారి మోగగల నోట్లకు) రెండేసి చొప్పున పన్నెండు ఎన్వలప్‌లనూ ప్రాసెసరే లెక్కకట్టాలి. 4 మెగాహెర్ట్జ్ జెడ్-80 ఆ పనితో పాటు కీలు, నాబ్‌లు కూడా చూసుకోవాలి కాబట్టి పాత ప్రాఫెట్ ఎటాక్ (నోట్ లేచే తీరు) మందంగా, మెట్లుమెట్లుగా ఉండేది. టీన్సీ ఆ బరువు తీసేస్తుంది. కానీ గ్లిగ్లిలో ఎన్వలప్‌కు స్లో, ఫాస్ట్ అని రెండు సెట్టింగులున్నాయి. అది ప్యాచ్‌తో (సేవ్ చేసుకున్న టోన్‌తో) పాటే సేవ్ అవుతుంది, ఫిల్టర్‌కూ (శబ్దంలో పదును తగ్గించేది) ఆంప్‌కూ (శబ్దం ఎంత గట్టిగా ఉండాలో చూసేది) వేరువేరు. ఆంప్‌ది మాత్రం ఫాస్ట్ చేసి, ఫిల్టర్‌ది స్లోలో వదిలేసేవాళ్లు ఉంటారు. కటాఫ్ (ఫిల్టర్ ఎంత తెరిచి ఉండాలో చెప్పే నాబ్) తక్కువగా ఉన్న ప్యాచ్‌లో ఫిల్టర్ తెరుచుకునేదాకా చెవికి ఏమీ అందదు, నోట్ మొదలైపోయినా లేటనిపిస్తుంది. మా మిత్రుడి బ్రాస్ ప్యాచ్‌లో జరిగింది అచ్చంగా ఇదే. కటాఫ్ పూర్తిగా తెరిచి ఒక్కసారి వాయిస్తే విషయం తేలిపోయింది. మీరూ అదే చేయండి. గ్లైడ్ (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే వేగం) సున్నాలో ఉందో లేదో కూడా చూడండి, పాత నాబ్‌లు సున్నాకు తిప్పినా సున్నా చూపించకపోవచ్చు.

తర్వాత కీల కింద కాంటాక్టులు. మన కోస్తా ఉప్పుగాలికి ఇవి త్వరగా మసకబారతాయి. కావలి, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు మరీను. కొన్ని కీలే లేటు, లేదా గట్టిగా నొక్కితేనే పలుకుతున్నాయి అంటే బోర్డుతో సంబంధమే లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన బడ్‌తో మెల్లగా తుడిస్తే చాలు. ఉప్పుకాగితం జోలికి మాత్రం వెళ్లొద్దు, పైపూత ఒకసారి పోతే తిరిగి రాదు.

కీల మీద బాగుండి మిడిలోనే లేటయితే లెక్క వేరు. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక నోట్ ఆన్‌కు మూడు బైట్లు, అంటే సుమారు ఒక మిల్లీసెకను. ఆరు నోట్ల కార్డుకు దగ్గరదగ్గర ఆరు. అంతకంటే ఎక్కువ తేడా వినిపిస్తే లైనులో అక్కర్లేని రద్దీ ఉందేమో చూడండి. మిడి పంపే మాస్టర్ కీబోర్డ్‌లో ఆఫ్టర్‌టచ్ (నొక్కి పట్టిన కీ మీద ఒత్తిడిని పంపే సమాచారం) ఆపేస్తే మాకు చాలా తేడా వచ్చింది. సందులో దొరికే చవక యూఎస్‌బీ మిడి కేబుల్‌ను నేనైతే నమ్మను. కంప్యూటర్‌లో ఆడియో బఫర్ (శబ్దాన్ని ముక్కలుగా నిలిపి పంపే చోటు) 1024 శాంపిళ్లలో ఉంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ ఒక్క బఫర్‌కే 21 మిల్లీసెకన్లు పోతాయి, 256కి తగ్గిస్తే ఐదు.

ఇంట్లో అంతా సరిగ్గా ఉండి, తిరునాళ్ల స్టేజీ మీద మాత్రమే లేటనిపిస్తే సింథ్‌ను విప్పొద్దు. పది మీటర్ల దూరంలో ఉన్న బాక్సు నుంచి శబ్దం చెవికి చేరేసరికే 29 మిల్లీసెకన్లు అవుతుంది. సౌండు వాళ్లను అడిగి మానిటర్‌ను మీ కాళ్ల దగ్గరికి పెట్టించుకోండి.