అడగండి, చెబుతా: వంశవృక్షం గ్రూప్‌లో పెడితే దణ్ణాలే వచ్చాయి

ప్రశ్న: టీచర్‌గా రిటైరయ్యాను. రెండేళ్లు తిరిగి మా పుట్టింటివాళ్ల ఐదు తరాల పేర్లు నోటుపుస్తకంలో రాసుకున్నాను. పాత ఫోటోలు అరవై దాకా పోగయ్యాయి. అన్నిటినీ ఫోన్‌తో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే నలుగురు దణ్ణం బొమ్మలు పెట్టారు, అంతే. మర్నాటికి గుడ్ మార్నింగుల కింద పడి పోయాయి. మావాళ్లు చెన్నై, బెంగళూరు, డాలస్‌లలో ఉన్నారు. అందరూ చూసేలా, తమకు తెలిసింది చెప్పేలా ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, మీకు దణ్ణాలైనా వచ్చాయి. నాకు గొడవ వచ్చింది. ముప్ఫై ఏళ్లు చిత్తూరులో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఊళ్లోవాళ్ల వారసుల లెక్కలన్నీ రాశాను గానీ మా ఇంటిది రాయడానికి అరవై దాటాల్సి వచ్చింది. మీలాగే చార్టు మొత్తం ఒకేసారి గ్రూప్‌లో పెట్టాను. మా తాతకు మొదట ఒక పెళ్లయిందనీ, ఆమె కాన్పులో పోయిందనీ అందులో ఉంది. అది చూసి మా పెద్దమ్మ గ్రూప్‌లోంచి వెళ్లిపోయింది. నేను రాసింది అబద్ధం కాదు. కానీ ఆమె చెవిన ముందు ఒక మాట వేయకుండా నలభై మందికి చూపించాను. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

అప్పట్నుంచి గ్రూప్‌ని అడగడానికే వాడుతున్నాను, దాచడానికి కాదు. ఐదు తరాలు ఒక్కసారిగా ముందు పరిస్తే ఎవరు చదువుతారు? ఒక్క ఫోటో పెట్టి, "ఎడమ నుంచి మూడో ఆమె ఎవరు?" అని అడగండి. ఒకసారి నేను మా మేనత్త ఫోటో కింద పొరపాటున ఆమె తోడికోడలి పేరు రాశాను. పది నిమిషాల్లో తన మనవరాలి ఫోన్‌లోంచి మేనత్త నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్! "దాని ముక్కు చూడు, నా ముక్కు చూడు, కళ్లు కనపడ్డంలేదా నీకు?" అని మొదలుపెట్టింది. ఆ తిట్ల మధ్యలోనే అది ఎవరి పెళ్లో, వానొచ్చి పందిరి ఎలా కూలిందో, పక్కనున్న పిల్లవాడు ఎవరో అన్నీ వచ్చేశాయి. రెండేళ్లు అడిగినా చెప్పని సంగతులు! ఇలాంటి వాయిస్‌లు వచ్చిన రోజే విడిగా సేవ్ చేసుకోండి. ఫోన్ మారిస్తే పోవచ్చు.

ఇక దాచే చోటు. గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేయండి. 15 జీబీ వరకు ఉచితం. మీ జీమెయిల్, గూగుల్ ఫోటోలు కూడా ఆ 15లోనే అని గుర్తుంచుకోండి. మీవాళ్లందరికీ చూసే అనుమతి మాత్రం ఇవ్వండి. మార్చే అనుమతి మీకు కాక ఇంకొక్కరికి, అదీ కాస్త నిదానంగా పనిచేసే పిల్లలకి ఇవ్వండి. అందరి చేతికీ ఇస్తే ఎవరో ఒకరు ఫైలు చెరిపేసి "నేను ముట్టనే లేదు" అంటారు. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి. పేరో, తారీఖో, స్టూడియో ముద్రో అక్కడే ఉంటుంది. రెండేళ్లు ఎవరూ తెరవని గూగుల్ ఖాతాను ఆ కంపెనీ తీసేయవచ్చు కాబట్టి, హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ డాలస్‌లో ఉన్నవాళ్ల దగ్గర పెట్టండి.

వృక్షం కోసం గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఏది వాడినా జెడ్‌కామ్ (GEDCOM, వంశవృక్షం సాఫ్ట్‌వేర్లు మామూలుగా చదవగలిగే రకం) ఫైలుగా బయటికి తీసుకునే వీలుందో లేదో ముందు చూసుకోండి. ఆ ఫైలు ఉంటే రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి మారినా పేర్లన్నీ మళ్లీ కొట్టక్కర్లేదు.

మనవైపు వచ్చే అసలు చిక్కు మేనరికం. మా ఇంట్లో ఒకామె మేనమామను చేసుకుంది. మా తాతకు ఆమె మనవరాలూ, కోడలూ కూడా. ఇలాంటి చోట కోడలి పెట్టెలో కొత్త మనిషిగా ఎక్కించకండి. ముందే ఉన్న మనవరాలినే భార్యగా కలపండి. లేదంటే ఒక్క మనిషి ఇద్దరైపోతుంది, ఆమె పిల్లలు రెట్టింపవుతారు. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మరో తంటా. మా చార్టులో మునిరత్నాలు నలుగురు. పేరు పక్కన తండ్రి పేరు, ఊరు రాశాకే నాకు ఊపిరాడింది.

ఊరి పక్కన జిల్లా రాసేటప్పుడు నా పాత వృత్తి గుర్తొస్తుంది. చంద్రగిరి కాపురస్తుడి కాగితం 1911 ఏప్రిల్‌కు ముందుదైతే అందులో ఉత్తర ఆర్కాటు జిల్లా అని ఉంటుంది. తర్వాత చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. తిరుత్తణి అయితే 1960లో మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. డాలస్‌లో పుట్టిన మనవడు ఇవన్నీ వేర్వేరు ఊళ్లనుకుంటాడు. కాగితంలో ఉన్నట్టు రాసి, పక్కన "ఇప్పుడు ఫలానా జిల్లా" అని చేర్చండి.

పెద్దమ్మతో ఇప్పుడు మాటలున్నాయి. మా తాత మొదటి భార్య పేరు మాత్రం చార్టులో ఇంకా ఖాళీ. గంగమ్మ జాతరకు వచ్చినప్పుడు చెబుతానంది, ఫోన్‌లో చెప్పదట.

ప్రశ్న: ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో మా వంశవృక్షం ఎక్కించమని మా అబ్బాయి అంటున్నాడు. ఎక్కించవచ్చా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: ఎక్కించండి, ఉచితమే. అయితే అది అందరికీ కలిపి ఒకే చెట్టు. చనిపోయినవాళ్ల వివరాలు ఎవరైనా చూడవచ్చు, మార్చవచ్చు కూడా. అందుకే మీ అసలు ప్రతి ఇంట్లో వేరే ఉంచుకోండి. బతికున్నవాళ్ల వివరాలను అది బయటికి చూపించదు. కానీ మీ గ్రూప్‌కి, డ్రైవ్‌కి ఆ కాపలా లేదు. అక్కడ మనవళ్ల పుట్టినతేదీలు, ఫోన్ నంబర్లు పెట్టకండి. దస్తావేజు స్కాన్ పెట్టేముందు ఆధార్ నంబరు మీద కాగితం ముక్క అడ్డం పెట్టి తీయండి.