తిత్లీ దెబ్బతిన్న ఉద్దానానికి ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

ప్రశ్న: మా కాలనీలోని ఆరు కుటుంబాల వాళ్లం దసరా సెలవుల్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్లాలనుకుంటున్నాం. 2018లో తిత్లీ తుపానుకు దెబ్బతిన్న తీర గ్రామాలు ఎలా కోలుకున్నాయో పిల్లలకు చూపించాలని, వెళ్తూ పాత బట్టలు, దుప్పట్లు, బియ్యం పట్టుకెళ్లాలని మా ఆలోచన. ఎక్కడ బస చేయాలి, ఏ ఊళ్లకు వెళ్లాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు దసరా ప్రయాణం మానుకోండి. ఆ తీరానికి అక్టోబరు అచ్చిరాని నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. తిత్లీ అయితే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, అంటే శరన్నవరాత్రులు మొదలైన మర్నాడే, గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో పలాస సమీపంలో విరుచుకుపడింది. ప్రతి అక్టోబరులోనూ తుపాను వస్తుందని కాదు గానీ, వాయుగుండం వార్త వినగానే తమ పడవలు, పశువులు, ఇంటి కప్పులు చూసుకోవలసిన వాళ్ల మీద పిల్లలతో వచ్చిన ఆరు కుటుంబాల బాధ్యత కూడా పడటం న్యాయం కాదు.

సంక్రాంతికి కూడా వద్దు. బతుకుతెరువు కోసం హైదరాబాద్, చెన్నై, ముంబయి, అండమాన్, గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్లు ఆ పండక్కి సొంతూళ్లకు చేరుకుంటారు కాబట్టి రైళ్లూ ఇళ్లూ కిక్కిరిసి ఉంటాయి. ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నెలాఖరు దాకా మంచి సమయం. ఎండ ముదరదు, జీడి తోటల్లో పిక్కలు రాలడం మొదలవుతుంది, టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో విడిది చేసిన పక్షులు కూడా ఇంకా వెళ్లిపోయి ఉండవు. అయితే ఒక సంగతి ముందే తెలుసుకోండి. ఆ నెలల్లో మత్స్యకార గ్రామాల్లో వయసులో ఉన్న మగవాళ్లు చాలామంది కనిపించరు. వాళ్లు వేటకూలీలుగా గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళ్లి ఉంటారు. తిత్లీ వచ్చిన ఏడాదే అలా వెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. ఊళ్లోనే ఉండి వేట చేసే మత్స్యకారులను కలిసి మాట్లాడాలన్నది మీ ముఖ్యోద్దేశమైతే, ఎండకు ఓర్చుకోగలిగితే, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలంలో వెళ్లండి. అప్పుడు పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మనుషులూ తీరిగ్గా ఉంటారు.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు పలాసలో ఆగుతాయి. బస కూడా పలాస–కాశీబుగ్గలోని లాడ్జీల్లోనే పెట్టుకుని, రోజూ ఒక ఊరికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం మేలు. ఇరవైమందికి పైగా ఉన్న బృందం చిన్న ఊళ్లో రాత్రి బస చేస్తే నీళ్లకూ మరుగుదొడ్లకూ ఇబ్బంది పడేది మీరు కాదు, ఆ ఊరివాళ్లు. వజ్రపుకొత్తూరు మండలంలో మంచినీళ్లపేట, నువ్వలరేవు, సోంపేట మండలంలో బారువ చూడండి. ఇన్ని చాలు. బారువ దగ్గర మహేంద్రతనయ నది సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ దగ్గర నీళ్లు పైకి ప్రశాంతంగా కనిపించినా లోపల గుంజుకుపోతాయి, పిల్లల్ని దిగనివ్వకండి.

కోలుకోవడం అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే ఇళ్లకన్నా తోటలు చూపించండి. కొబ్బరి చెట్టుకు ఎదుగుదల అంతా తలలోని మొవ్వులోనే ఉంటుంది. గాలికి అది విరిగితే పక్కనుంచి కొత్త కొమ్మ రాదు, చెట్టు నిలబడే చస్తుంది. మొవ్వు మెలితిరిగి బతికిన చెట్లు ఉన్నా అవి చాలా కాలం కాపు ఇవ్వవు. కూలిన చెట్టు స్థానంలో నాటిన దేశవాళీ పొడుగు రకం కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అంబాజీపేటలో రూపొందించిన గోదావరి గంగ వంటి సంకర రకం నాలుగేళ్లకే పూతకు వస్తుంది. ఒకే తోటలో ఈ రెండు రకాలూ, మధ్యలో పాత మోడులూ కనబడితే, ఆ రైతు ఏ ఏడాది ఎంత ఖర్చు పెట్టగలిగాడో ఏ నివేదికా అక్కర్లేకుండానే అర్థమవుతుంది. రైతుని అడిగి, ఆయన వెంట ఉండగానే తోటలోకి వెళ్లండి.

ఇక మీరు పట్టుకెళ్తామన్న సామాను. పాత బట్టలు వద్దే వద్దు. తుపాను వెళ్లిన వారంలో కరెంటు స్తంభాలు కూలి, మోటార్లు నడవక, జనరేటర్లతో తాగునీటి ట్యాంకులు నింపుకున్న రోజుల్లో దుప్పటికీ కొవ్వొత్తికీ విలువ ఉండేది. ఇన్నేళ్ల తరువాత మీ ఇంట్లో వాడని చొక్కాను పట్టుకెళ్లి ఎవరి చేతిలో పెడతారు? ఆ డబ్బును అక్కడ ఖర్చుపెట్టండి. జీడిపప్పు పలాసలో కొనండి. గుండు పప్పుకీ బద్ద పప్పుకీ ధరలో తేడా ఎందుకో అక్కడే తెలుస్తుంది. యజమాని అనుమతిస్తే పిక్కలు కొట్టే చోటు కూడా చూడండి. జీడి తొక్కలోని నూనె తగిలి ఆడవాళ్ల వేళ్లు ఎలా నల్లబడి పొక్కిపోతాయో చూసిన పిల్లలకు కిలో ధర గురించి వేరే పాఠం చెప్పనక్కర్లేదు. ఎండుచేపలు మత్స్యకార మహిళల దగ్గర బేరమాడకుండా కొనండి. భోజనం ముందురోజే చెప్పి స్థానిక డ్వాక్రా సంఘం చేత వండించుకుని, అడిగినంత ఇవ్వండి. ఊరికి ఏదైనా ఇవ్వాలని ఉంటే బయల్దేరకముందే బడి ప్రధానోపాధ్యాయుడికి ఫోన్ చేసి ఏం కావాలో కనుక్కోండి.

ఉద్దానం పేరు చెప్పగానే కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. దానికి కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ల ఇళ్లకు ‘పరామర్శ’ పేరుతో వెళ్లి ఫొటోలు తీయడం మాత్రం చేయకండి. ఇప్పటికే అలాంటి పరామర్శలు అక్కడ అవసరానికి మించి జరిగాయి.

ప్రశ్న: మాది సోంపేట దగ్గరి పల్లె. ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నాను, అక్కడి పౌరసత్వం కూడా తీసుకున్నాను. తిత్లీలో మా పెదనాన్న గారి కొబ్బరి తోట, ఊరి తీరంలోని సరుగుడు చెట్లు పోయాయి. ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఆయనకూ, ఊళ్లోని యువజన సంఘానికీ కొంత డబ్బు ఇవ్వాలని ఉంది. చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: రెండింటినీ కలపకండి. పెదనాన్న గారికి మీరు ఇచ్చేది వ్యక్తిగత కానుక, దాన్ని బ్యాంకు ద్వారా పంపండి. యువజన సంఘం సంగతి వేరు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చే విరాళాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు. మీరు పౌరసత్వం మార్చుకున్నారు కాబట్టి, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీ విరాళం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని తీసుకుంటే చిక్కుల్లో పడేది ఆ కుర్రాళ్లే. కాబట్టి నమోదు ఉన్న సంస్థకే ఇవ్వండి.

సరుగుడు చెట్లు మళ్లీ వేయించాలనుకుంటే ముందు అటవీశాఖ వారితో మాట్లాడండి, ఒడ్డున నేల ఎవరిదో అక్కడే తేలుతుంది. మొక్కలు నాటించడంతో పాటు మొదటి రెండు వేసవుల్లో నీళ్లు పోసే మనిషి కూలికి కూడా డబ్బు పక్కన పెట్టండి. ఇసుక నేలలో నాటిన మొక్క నీళ్లు లేకపోతే తొలి వేసవే దాటదు.