సొంత దుకాణం తెరవబోతున్న చెల్లెలి కూతురికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పంపిన పన్నెండు దుస్తుల డిజైన్ల బొమ్మలను రెండు రాత్రులు కూర్చుని మళ్లీ మళ్లీ చూశాను. రంగుల పొందిక తెలిసిన చేయి అని ఎవరైనా ఒప్పుకుంటారు. అయితే వాటిలో ఎనిమిదింటిని గీసినది నీవేనా అన్న అనుమానం నన్ను వదలలేదు. ఈ ఏడాది పెళ్లిళ్లలో ఎవరెవరు ఏమి వేసుకున్నారో చూసి, అలాంటివి లేకపోతే దుకాణం నడవదేమో అన్న భయంతో గీసినట్లున్నాయి. మిగిలిన నాలుగింటిలో మాత్రం నీవు కనిపించావు. హైదరాబాదులో గది అద్దెకు తీసుకోకముందే ఈ మాట చెప్పాలనిపించింది.

మళ్లీ కాగితం ముందు కూర్చునేలోగా ఒకసారి నీ బీరువా తెరిచి చూడు. కొన్న బట్టలన్నీ మన అభిరుచిని చెప్పవు. మెడ దగ్గర రంగు వెలిసి, మోచేతుల వద్ద పలచబడి, అయినా పారేయడానికి మనసొప్పనివే చెబుతాయి. కాలేజీ రోజుల నుంచి నీవు వేసుకున్నవి మూసిన మెడ, మోచేతి దాకా చేతులు, కుడి పక్కన లోతైన జేబు ఉన్న కుర్తాలే. స్నేహితురాళ్లు నవ్వినా జేబు లేనిది కుట్టించుకోలేదు. ఆ జేబులు కుట్టినదాన్ని కనుక నాకు బాగా గుర్తు. నాకు నచ్చిన ఆ నాలుగు బొమ్మల్లోనూ జేబు ఉన్నదని గమనించావా?

ఇక గుడ్డ సంగతి కొంచెం వివరంగా వ్రాస్తాను, ఎందుకంటే నేను నష్టపోయి నేర్చుకున్నది ఇదే. గుంటూరులో దుకాణం పెట్టిన కొత్తలో ఒకావిడ మంగళగిరి నూలు గుడ్డ తెచ్చి ఇస్తే, ఏదో పత్రికలో చూసిన పట్టు జాకెట్టును తలచుకుని, దాని మెడ చుట్టూ పూసలతో బరువైన మగ్గం వర్క్ చేయించాను. మంగళగిరి గుడ్డ అందమంతా పని లేని ఆ సాదా నేతలోనూ, అంచున మెరిసే నిజాం బార్డరు జరీలోనూ ఉంటుంది. ఆ పలచని నూలు పూసల బరువుకు కిందికి లాగింది. మొదటి ఉతుకులోనే లైనింగు ఒక తీరుగా, పైగుడ్డ మరొక తీరుగా ముడుచుకుపోయాయి. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు, మళ్లీ మా గడప కూడా తొక్కలేదు. అప్పటి నుంచి నూలు గుడ్డ ఏదైనా సరే, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరవేసి, ఇస్త్రీ చేసిన తరువాతనే కత్తెర పట్టాను. గద్వాల చీరను గౌనుగా మార్చమని వచ్చేవారి దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఒళ్లు నూలు, అంచు పట్టు కనుక రెండూ ఒకే తీరుగా నడవవు.

పోచంపల్లి గుడ్డకు ముక్కలు ఎంత తక్కువైతే అంత మేలు. అక్కడ నేయకముందే నూలుకు చిటికి కట్టి, అంటే పోగులను అక్కడక్కడ దారంతో బిగించి కట్టి, రంగులు అద్దుతారు కాబట్టి గళ్ల అంచులు కాస్త చెదిరినట్లుంటాయి. ఆ చెదురే దాని సొగసు. నీవు గీసిన ఆరు ముక్కల పొడవు కోటులో ఆ గళ్లు కుట్టు కుట్టుకీ విరిగిపోతాయి. అతుకుల దగ్గర కలపాలంటే గుడ్డ ఎక్కువ పడుతుంది, చేతిమగ్గం గుడ్డకు పన్నా, అంటే వెడల్పు, చూస్తే చిన్నది. ఈ చిటికి నేతనే ఇకత్ అంటారు కదా, వేరొక బొమ్మ పక్కన ఇకత్ ప్రింటు అని వ్రాసుకున్నావు. ప్రింటు అమ్మడం తప్పు కాదు, కానీ అది ప్రింటని బిల్లు మీద వ్రాసి ఇవ్వు. తిరగేసి చూస్తే వెనుక రంగు వెలవెలబోతుంది. నేసిన ఇకత్ రెండు వైపులా ఒకేలా ఉంటుందని తెలిసిన వాళ్లు నీ దుకాణానికీ వస్తారు.

ఫోనులో ఎవరిదో ఫోటో చూపించి అచ్చం ఇలాగే కావాలనేవారు రోజూ వస్తారు. వారిని చిన్నబుచ్చకుండా, ఆ ఫోటోలో ఏది నచ్చిందో అడుగు. చాలాసార్లు అది ఒక మెడ తీరో, చేతి పొడవో అయి ఉంటుంది. ఆది జాకెట్టు తెమ్మను. దానిలో కొలతలే కాదు, ఏ కుట్టు విప్పి వదులు చేసుకున్నారో, భుజం ఎటు జారుతుందో అన్నీ దొరుకుతాయి. అద్దె కోసం ఫాల్స్, పికో, సాదా జాకెట్లు కుట్టడానికి నామోషీ పడకు. నా దుకాణం అద్దె ఎన్నో ఏళ్లు వాటితోనే గడిచింది, దానివల్ల నా చేయి చెడలేదు. నీకే నచ్చని గౌను లోపల నీ పేరున్న లేబులు కుట్టడం దగ్గర మాత్రం ఆగు.

ఆ నాలుగింటిలో నీలం రంగు దానిని ముందుగా నీ కొలతలకే మంగళగిరి నూలులో కుట్టించుకుని, నెల రోజులు బస్సులోనూ ఎండలోనూ వేసుకుని తిరుగు. పదిసార్లయినా ఉతికిన తరువాత సంక్రాంతికి తీసుకురా, ఇద్దరం చూద్దాం. జేబు మూలల్లో రెండు వరుసల కుట్టు వేయించడం మరచిపోకు. చిరగడం అక్కడే మొదలవుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ