కట్టుకున్నామా, కట్టించుకున్నామా?

సందేహం: అయ్యా, నూజివీడు దగ్గర మాకు రెండెకరాల మామిడి తోట ఉంది. రిటైరయ్యాక నేనూ మా ఆవిడా కలిసి, తోట సామాను పెట్టుకోవడానికి ఒక గది లేపాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. మేస్త్రీని పెట్టలేదు. సిమెంటు ఇటుకలు మేమే పేర్చాం, పైన రేకులు మేమే వేశాం. నాలుగు నెలలు పట్టింది. చుట్టాలందరూ "షెడ్డు కట్టించుకున్నారటగా" అంటున్నారు. "కాదు, సెల్ఫ్‌గా కట్టుకున్నాం" అని నేనంటే, మా ఆవిడ "మీరు కట్టుకున్నది నన్ను, షెడ్డును కట్టారు" అని నవ్వుతోంది. ఏది ఒప్పు? ఇంకొక సంగతి. తలుపు పైన తెలుగులో పేరు రాయాలని ఉంది. నేను 'గిడ్డంగి' అంటున్నాను. మా ఆవిడది కడప జిల్లా, 'కొట్టం' అని రాయమంటోంది. కొట్టమంటే పశువులకే కదా? గిడ్డంగి మాత్రం గోడౌన్‌కు ప్రభుత్వం వాళ్లు చేసిన అనువాదం అంటారు. దయచేసి తేల్చండి.

సమాధానం: మీ ఆవిడగారు నవ్వుతూ అన్నా, ఈ క్రియకున్న అసలు ప్రాణాన్ని పట్టుకున్నారు. తాళి కట్టినందుకు కట్టుకున్నవాడు, కట్టించుకున్నందుకు కట్టుకున్నది. ఇల్లూ అంతే, కట్టుకుంటాం. రెండు చోట్లా క్రియ ఒకటే కావడం కాకతాళీయం కాదు. కట్టు అంటే మొదట బిగించి ముడి వేయడం. కొత్తగా ఒక నివాసాన్ని లేపడం అనే అర్థం ఆ ముడిలోంచే వచ్చింది.

ఎలా వచ్చిందో పుస్తకాల కంటే ముందు నాకు మా ఊళ్లో పాకలు కడుతుంటే తెలిసింది. ముందు నిట్రాడు పాతేవాళ్లు. దాని మీద దూలం, దూలం నుంచి రెండు వైపులా వాసాలు, వాసాల మీద అడ్డంగా వెదురు బద్దలు. ఎక్కడా ఒక్క మేకు ఉండేది కాదు. కర్రా కర్రా కలిసే ప్రతి చోటా కట్టే. తాటి నారను ముందు రోజు రాత్రే నీళ్లలో నానేసేవాళ్లు, పొడి నార బిగించేటప్పుడు పుటుక్కున తెగిపోతుంది గనక. ఆకు కప్పేటప్పుడు పైన ఒకరు, కింద ఒకరు. కింది మనిషి నార కొసను ఆకుల సందులోంచి పైకి పొడిచి అందిస్తే, పై మనిషి దాన్ని వాసం చుట్టూ తిప్పి మళ్లీ కిందికి వదిలేవాడు. కింద లాగి పట్టుకుని ఉండాలి, పైన ముడి పడాలి. ఒంటి మనిషి వల్ల అయ్యే పని కాదు. కూలికి మనిషిని పెట్టుకోలేని ఇళ్లలో పైన మొగుడు, కింద పెళ్లాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "పట్టు", "కట్టు" అన్న రెండు మాటలే వినిపించేవి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ రెండు మాటలూ మళ్లీ చెవిలో పడ్డాయి.

పాకలు పోయి ఇటుక గోడలు వచ్చాయి, అయినా మాట మారలేదు. మారకపోవడానికి కారణం ఉంది. తాపీ మేస్త్రీ పనిలోకి దిగితే మొట్టమొదట చేసేది ఈ మూల నుంచి ఆ మూలకు దారం కట్టడమే. ఆ దారం వెంబడే వరస నడుస్తుంది. మీరూ కట్టే ఉంటారు; కట్టకపోతే 12 అడుగుల గోడ తిన్నగా రాదు. ఇటుక పనిని మన పనివాళ్లు ఇప్పటికీ 'ఇటుక కట్టుబడి' అనే అంటారు, రాతి పని అయితే 'రాతి కట్టుబడి'. స్లాబు పోసే ముందు పైకెక్కి చూడండి. చువ్వా చువ్వా దాటే ప్రతి చోటా బైండింగ్ వైరుతో ఒక ముడి ఉంటుంది. నార పోయి ఇనుప తీగ వచ్చింది, అంతే తేడా.

ఈ ఊహ మన ఒక్కళ్లదే కూడా కాదు. తమిళులు వీడు (ఇల్లు) కట్టుతారు, కన్నడిగులు మనె (ఇల్లు) కట్టుతారు, మలయాళంలో కెట్టుక అన్నా ముడి వేయడమూ, కట్టడమూ రెండూ. కట్టడం అన్న మన మాటకు తమిళంలో కట్టిడం, కన్నడంలో కట్టడ, మలయాళంలో కెట్టిడం తోబుట్టువులు. చెరువుకు కట్ట, ఏటికి ఆనకట్ట, దాని కింద సాగయ్యే భూమికి ఆయకట్టు. నీళ్లనైనా మట్టినైనా మనిషినైనా విడిపోకుండా ఒక్కచోట నిలబెట్టడం ఈ ధాతువు పని. చీర కట్టడం, పన్ను కట్టడం, పందెం కట్టడం, జట్టు కట్టడం, పాటకు వరస కట్టడం మీకు తెలిసినవే, వాటిలోకి వెళ్లను.

ఇక కట్టు, కట్టించు సంగతి. ఇక్కడ కొంచెం నిక్కచ్చిగా మాట్లాడక తప్పదు. తెలుగులో 'ఇంచు' అన్నది చాలా మర్యాద గల ప్రత్యయం. (ప్రేమించు, వడ్డించు లాంటి వాటిలో ఉండే 'ఇంచు' వేరు, దాన్ని పక్కన పెట్టండి.) ఒక పని నా చేత్తో చేయలేదు, వేరే మనిషి చేత చేయించాను అని ఒప్పుకోవడం అది. పాత శాసనాల్లో 'చెరువు గట్టించి', 'గుడి గట్టించి' అని చదువుతున్నప్పుడల్లా నాకు దాత పేరుతో పాటు, మట్టి తవ్విన పేరు లేని ఒడ్డెవాడూ, రాయి చెక్కిన కాసెపనివాడూ కూడా ఆ 'ఇంచి'లో నిలబడి కనిపిస్తారు.

దీనికి నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యం భద్రాచల రామదాసు. పాల్వంచ పరగణాకు తహశీల్దారు. ప్రభుత్వానికి చేరవలసిన పైకంతో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైనవాడు. 'ఇక్ష్వాకు కుల తిలక' కీర్తనలో ఆయనకు రాముడి మీద వచ్చిన కోపం తెలుగువాళ్లందరికీ తెలుసు. "చుట్టు ప్రాకారములు సొంపుగ జేయిస్తి రామచంద్రా" అంటాడు. "సీతమ్మకు చేయిస్తి చింతాకు పతకము రామచంద్రా" అంటాడు. దేనికెంత పట్టిందో వరహాలతో సహా లెక్క చెబుతాడు. ఒంటి నిండా దెబ్బలు, గుండె నిండా ఉక్రోషం. ఇంత చేశానే నీకు అని దేవుణ్ణే నిలదీస్తున్న మనిషి. అలాంటప్పుడు ఎవరైనా ఏమంటారు? నేను చేశాను, నేను కట్టాను అనే కదా! ఆయన అలా అనలేదు. ప్రాకారం దగ్గరా చేయిస్తినే, పతకం దగ్గరా చేయిస్తినే. చింతాకు ఆకారంలో బంగారాన్ని సాగదీసి రాళ్లు పొదిగినవాడు ఒక కంసాలి. వాడి పేరు మనకు తెలియదు, కీర్తనలోనూ లేదు. కానీ వాడు ఉన్నాడు. 'చేయిస్తి' అన్న మాటలో కూర్చుని ఊదుగొట్టం ఊదుతున్నాడు. 'చేస్తి' అని ఉంటే వాడు మాయమైపోయేవాడు. అంత కోపంలోనూ పక్కవాడి కష్టాన్ని తన ఖాతాలో వేసుకోని భాష అది. నేను ఈ కీర్తన కొన్ని వందల సార్లు విన్నాను. ప్రతిసారీ ఆ క్రియ దగ్గర ఆగిపోతాను.

ఇప్పుడు మన వాడుక చూడండి. పునాది దగ్గర కొబ్బరికాయ కొట్టి, గృహప్రవేశం నాడు మళ్లీ వచ్చినవాళ్లు "ఇల్లు కట్టాం" అంటారు. దీనికంటే నాకు కష్టంగా తోచేది "నిర్మించడం జరిగింది". ఎవరు నిర్మించారు? ఎవరూ కాదు, జరిగిందట! వాన కురిసినట్టు, పొద్దు పొడిచినట్టు దానంతట అదే జరిగిందన్నమాట. శిలాఫలకాల మీదా వార్తల్లోనూ ఈ మాట రాసేవాళ్లను నేను బతిమాలుకునేది ఒకటే: కట్టించినవాణ్ణి చెప్పండి, కట్టినవాణ్ణి చెప్పండి, లేకపోతే కనీసం 'ఇంచు' అన్నా ఉంచండి.

అయితే కట్టించినవాళ్లు "కట్టుకున్నాం" అనడం తప్పు అని మాత్రం తీర్పు ఇవ్వలేను. "మావాడు హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నాడు" అని ఎప్పటి నుంచో అంటున్నాం. ఇక్కడ 'కట్టుకొను'లోని 'కొను' ఆ ఇల్లు ఎవరి కోసమో చెబుతుంది గాని ఎవరి చేతులో చెప్పదు. నాకు ఎదురు సాక్ష్యంగా సామెత ఉండనే ఉంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గాని కట్టించి చూడు అనలేదు. ఈ సామెత మా నాన్నగారి తరంలో సొంతంగా గుంజలు పాతుకున్నవాళ్ల నోటా విన్నాను, కాంట్రాక్టుకు ఇచ్చినవాళ్ల నోటా విన్నాను. కాబట్టి కట్టించుకున్నవాళ్లు కట్టుకున్నాం అంటే ఒప్పుకుంటాను, మనస్ఫూర్తిగా కాకపోయినా. మిమ్మల్ని మాత్రం చుట్టాలు "కట్టించుకున్నారు" అనడం ముమ్మాటికీ తప్పు. మీ ఇద్దరి మధ్యా 'ఇంచు'కు చోటు లేదు.

మీరు చెప్పిన 'కట్టుకున్నాం' సరైనదే. మీ ఆవిడగారి 'కట్టారు' కూడా సరైనదే. కాకపోతే ఆ గది మీ కోసమే గనక 'కట్టుకున్నాం'లో నిండుదనం ఎక్కువ. దానికి 'సెల్ఫ్‌గా' ఎందుకు తగిలించారు? అది నాకు నచ్చలేదు. రేకులు, సిమెంటు, రిటైర్‌మెంటు లాంటి మాటలతో నాకు పేచీ లేదు. వాటికి బదులు ఇంకో మాట వెతకడం అనవసరం. కానీ "మా చేతులతో కట్టుకున్నాం" అనో, "మేమిద్దరమే కట్టుకున్నాం" అనో చెప్పే వీలుండగా, ఆ 'సెల్ఫ్‌గా'లో మీ చేతులూ లేవు, ఆమె చేతులూ లేవు.

పేరు సంగతి. గిడ్డంగిని గోడౌన్‌కు అనువాదం అన్నవాళ్లు కథను తలకిందులుగా చెప్పారు. సరుకు పడి ఉండే చోటును తమిళంలో కిడంగు అంటారు, కిడ అంటే పడి ఉండు. మన గిడ్డంగి ఆ కుటుంబంలోదే. మన తీరం నుంచి వర్తకులతో పాటు ఈ మాట మలయా దేశానికి వెళ్లి 'గుదాంగ్' అయింది. పోర్చుగీసువాళ్లు 1511లో మలక్కాను పట్టుకున్నారు. వాళ్ల నోట అది 'గుదావ్' అయింది, ఇంగ్లీషువాళ్ల నోట 'గోడౌన్' అయింది. హిందీ గోదాం దాని తోబుట్టువే. యూల్, బర్నెల్ 1886లో అచ్చు వేసిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు కాలం నుంచి దీని మీద చర్చ ఉంది. మలయా వాళ్లకు మాట అందించింది తెలుగువాళ్లా తమిళులా అన్నది మాత్రం గట్టిగా చెప్పలేం. గిడ్డంగుల సంస్థ అని ప్రభుత్వం పేరు పెట్టుకున్నప్పుడు కొత్త మాటేమీ చేయలేదు, మన మాటనే వాడుకుంది.

కాబట్టి గిడ్డంగి పరాయిది కాదు. అయినా మీకు వద్దంటాను. వందల బస్తాలు లారీల్లో దిగి, అమ్మకానికి ఎదురుచూస్తూ పడి ఉండే చోటు గిడ్డంగి. రెండు పిచికారీ మిషన్లు, డ్రిప్పు పైపుల చుట్టలు, కాయ కోసే చిక్కాలు, నాలుగు ఎరువు బస్తాలు పెట్టుకునే గదికి అంత పెద్ద పేరు బరువు.

కొట్టం పశువులకే అన్న మీ అభ్యంతరం సగమే నిజం. నిఘంటువులు పశువులశాల అర్థాన్నే ముందు చెబుతాయి. తమిళ కొట్టిల్, కన్నడ కొట్టిగె కూడా పశువుల చోట్లే. సంస్కృత గోష్ఠంతో దీనికి పోలిక ఉందన్నవాళ్లూ ఉన్నారు. కానీ రాయలసీమలో మనుషులున్నదీ కొట్టమే. ఊరి పేరు చివర 'కొట్టాల' అని ఉన్న పల్లెలు అక్కడ ఎన్నో ఉన్నాయి. తెలంగాణలో బావి దగ్గర మోటారు స్టార్టరు, నాగలి, నాలుగు గంపలు పెట్టుకున్న చోటూ కొట్టమే. మీ వైపు పాక అనేవాళ్లు, గోదావరి జిల్లాల తోటల్లో మకాం అంటారు, ఉత్తరాంధ్రలో సాల. కొట్టు అన్నా చెల్లుతుంది గాని తలుపు మీద రాస్తే ఎవరైనా వచ్చి బీడీ కట్ట అడుగుతారు. షెడ్డు కూడా తప్పేమీ కాదు. ఇంగ్లీషులో ఆ మాటకు నీడ అనే అర్థమున్న 'షేడ్'తో చుట్టరికం ఉందంటారు. మామిడి తోటలో అది అతికినట్టే ఉంటుంది.

నన్నడిగితే కొట్టం వైపే మొగ్గుతాను. నూజివీడు తోటలో కడప మాట ఏమిటని ఎవరైనా అడిగితే, సగం ఇటుకలు కడప చేతులే పెట్టాయని చెప్పండి. మీకు మనసొప్పకపోతే 'సామాన్ల పాక' అని రాసుకున్నా నేను కాదనను, రేకుల కప్పు ఉన్నంత మాత్రాన పాక అనకూడదని లేదు.

ఉత్తరం చివర అంచులో చిన్న అక్షరాలతో ఇంకొకటి అడిగారు, రేకులు 'వేశాం' అనాలా 'కప్పాం' అనాలా అని. రేకులు వేస్తారు. తాటాకైతే కప్పుతారు, మా వైపు నేస్తారు కూడా.