ఛాంపియన్‌కి ఆట వచ్చా, రాదా? చూడటం ఎలాగంటే

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ పెద్దమ్మా నేనూ క్షేమం.

నీ మెసేజ్ చదివాను. 2003 లో లాస్ వేగస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ గెలిచిన క్రిస్ మనీమేకర్‌కి నిజంగా ఆట వచ్చా, లేక ముక్కలు కలిసొచ్చాయా అని నువ్వూ మీ ఆఫీసు కుర్రాళ్ళూ బెంజి సర్కిల్ దగ్గర టీ తాగుతూ గంటసేపు వాదించుకున్నారట. తేల్చి చెప్పమన్నావు. చెబుతాను. ముందు మాత్రం ఇలాంటి మనిషిని ఎలా అంచనా వెయ్యాలో తెలుసుకో. రేపు ఇంకో ఛాంపియన్ వస్తాడు, ఆయన పేరు చెప్పి క్లాసులు అమ్ముతారు. డబ్బు కట్టేముందు నీ అంతట నువ్వే చూసుకోగలగాలి.

పేకాటంటేనే అదృష్టం అని కొట్టిపారేసేవాళ్ళ మాట వినకు. 1968 లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని చెప్పింది. మూడు ముక్కలాట లాంటివి వట్టి అదృష్టమని కూడా అదే తీర్పులో ఉంది. పోకర్ సంగతికొస్తే, స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2010 వరల్డ్ సిరీస్ లెక్కలు తీశారు. అప్పటికే మంచి ఆటగాళ్ళని పేరున్నవాళ్ళను ముందే విడిగా రాసుకుని చూస్తే, వాళ్ళు పెట్టిన ఎంట్రీ డబ్బు మీద సగటున 30 శాతం పైగా లాభం వచ్చింది. మిగతావాళ్ళకి 15 శాతం పైగా నష్టం. కాబట్టి ఆట వచ్చినవాళ్ళు ఉన్నారు, అందులో అనుమానం లేదు. ఒక్క టోర్నమెంట్ గెలిచినవాడు ఆ గుంపులోవాడా కాదా అన్నదే చిక్కు.

ఎందుకు చిక్కో కాగితం మీద వేసి చూడు. 2003 మెయిన్ ఈవెంట్‌లో, అంటే ఆ వరల్డ్ సిరీస్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన పోటీలో, 839 మంది ఆడారు. అందరి చిప్సూ (పందెం బిళ్ళలు) ఒకడి దగ్గరికి చేరాలంటే అతని చిప్స్ దాదాపు పదిసార్లు రెట్టింపు కావాలి. ఆ పదిసార్లూ అతను 80 శాతం గెలిచే స్థితిలోనే ఆల్ ఇన్ వేశాడనుకుందాం, అంటే ఉన్న చిప్సన్నీ ఒకేసారి పందెం కాశాడని. అంతకన్నా జాగ్రత్త ఎవడికీ సాధ్యం కాదు. అయినా పదీ గెలిచే అవకాశం 11 శాతం దాటదు. మంచి ఆటగాడు ఆల్ ఇన్ దాకా వెళ్ళకుండా చిన్న చిన్న పాట్‌లు (మధ్యలో పోగయిన పందెం డబ్బు) ఏరుకుంటాడు, నిజమే. కానీ పూర్తిగా తప్పించుకోలేడు. అదృష్టం లేకుండా అంతమందిలో గెలిచినవాడు ఎవడూ ఉండడు. అందుకని 'లక్కు కదా' అంటే అది విమర్శే కాదు, అందరికీ వర్తించే మాట.

ఇక మనీమేకర్ హ్యాండ్లు రెండు చూద్దాం. హ్యాండ్ అంటే ఒకసారి ముక్కలు పంచి ఆడే ఆట. ఒక్కొక్కడి చేతిలో రెండు ముక్కలు, బోర్డు మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు. బోర్డు మీద మొదట ఒకేసారి పడే మూడూ ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్.

మొదటిది, పదిమంది మిగిలినప్పటిది. ఫిల్ ఐవీ అనే ఆటగాడి చేతిలో రెండు తొమ్మిదులు, మనీమేకర్ చేతిలో ఆసు, రాణి. ఫ్లాప్‌లో రెండు రాణులు, ఒక ఆరు. మనీమేకర్‌కి అక్కడికే మూడు రాణులు, చాలా ముందున్నాడు. టర్న్‌లో తొమ్మిది పడింది. ఐవీకి ఫుల్ హౌస్, అంటే మూడు తొమ్మిదులూ రెండు రాణులూ, అది మూడు రాణుల్ని ఓడిస్తుంది. డబ్బంతా మధ్యలోకి వెళ్ళింది. మనీమేకర్‌ని గెలిపించే ముక్కలు ఇక మూడు ఆసులు, మూడు ఆరులు, ఒక రాణి మాత్రమే. కనబడని 44 ముక్కల్లో ఏడు. రివర్‌లో ఆసు పడింది, మనీమేకర్‌కి అంతకన్నా పెద్ద ఫుల్ హౌస్ అయింది. ఐవీ ఇంటికెళ్ళాడు.

మీ వాళ్ళు దీన్ని చూపించే 'వట్టి లక్కు' అంటున్నట్టున్నారు. రివర్‌లో ఆసు అదృష్టమైతే, అంతకుముందు ఐవీకి పడిన తొమ్మిది ఏమిటి? మూడు రాణులు పట్టుకుని డబ్బు పెట్టడం తప్పాట కాదు. ఈ హ్యాండ్ వల్ల అతను గొప్పవాడనీ తేలదు, చేతకానివాడనీ తేలదు. ఇలాంటివాటిని లెక్కలోంచి తీసెయ్యి. అందరూ ఎక్కువగా చెప్పుకునేవి ఇవే, పనికొచ్చే సంగతి మాత్రం వీటిలో ఉండదు.

రెండోది చివరికి మనీమేకర్, సామ్ ఫార్హా అనే ఆటగాడు, ఇద్దరే మిగిలినప్పటిది. ఇది నిదానంగా చూడు. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఒక ఏడు. ఫార్హా చేతిలో రాణి, తొమ్మిది. బోర్డు మీద తొమ్మిది, రెండు, ఆరు, ఆ తర్వాత ఎనిమిది. వాటిలో మూడు ఇస్పేట్లు. ఫార్హాకి తొమ్మిదుల జత ఉంది, ముందున్నాడు. మనీమేకర్‌కి ఇంకో ఇస్పేటు పడితే ఐదు ఇస్పేట్లు, దాన్నే ఫ్లష్ అంటారు. అయిదు పడినా, పది పడినా వరసగా ఐదు ముక్కలు. ఏది పడినా గట్టి చెయ్యే. అందుకే ఫార్హా పందెం కాయగానే దాన్ని పెంచాడు. ఫార్హా వదిలేస్తే సరే, వదలకపోయినా పడే ముక్కలు చాలానే ఉన్నాయి. రివర్‌లో పనికిరాని మూడు పడింది. చేతిలో ఏమీ లేదు. అయినా ఆల్ ఇన్ అన్నాడు.

ఫార్హా చాలాసేపు ఆలోచించాడు. ఫ్లష్ తప్పిపోయిందేమో అని పైకే అన్నాడు కూడా, సరిగ్గానే పసిగట్టాడు. ఎదుటివాడు రాయిలా కూర్చున్నాడు. చివరికి ఫార్హా ముక్కలు వదిలేశాడు. కాల్ చేసి, అంటే ఆ పందేనికి సమానంగా కట్టి ఉంటే ఆ టోర్నమెంట్ దాదాపు అతనిదే అయ్యేది.

ఇక్కడ కలిసొచ్చిన ముక్క ఒక్కటీ లేదు. టర్న్‌లో పెంచినవాడు రివర్‌లో ఆల్ ఇన్ అంటే, మూడు ఇస్పేట్ల బోర్డు మీద ఆ కథ నమ్మేలా ఉంది. ఎదుటివాడి చేతిలో ఉన్నది వదులుకోగల చెయ్యే అని అంచనా వేసి, టీవీ కెమెరాల ముందు అన్ని చిప్సూ తోశాడు. ఆట రానివాడు ఆ పని చెయ్యలేడు, చేసినా మొహంలో దొరికిపోతాడు. నాకు ఈ హ్యాండ్ అంటే చాలా గౌరవం.

అయితే ఒక్క మంచి హ్యాండ్ చూసి మురిసిపోకూడదు. ఎన్ని చూస్తే సరిపోతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2015 లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు తమ పోకర్ ప్రోగ్రామ్‌ని నలుగురు ప్రొఫెషనల్స్ మీద 80,000 హ్యాండ్లు ఆడించారు. మనుషులు ఏడు లక్షల పైచిలుకు చిప్స్ ముందున్నారు. అయినా ఆ తేడాతో ఎవరు గొప్పో చెప్పలేం, లెక్క ప్రకారం సమానమే అన్నారు పరిశోధకులు. 2017 లో కొత్త ప్రోగ్రామ్‌తో 1,20,000 హ్యాండ్లు ఆడించి, అదృష్టం తగ్గించడానికి ఈసారి కూడా ఒక టేబుల్ మీద మనిషికి పంచిన ముక్కల్నే ఇంకో టేబుల్ మీద ప్రోగ్రామ్‌కి పంచి, అప్పుడు తేల్చారు, ప్రోగ్రామే గెలిచిందని. టేబుల్ మీద గంటకి ముప్పై హ్యాండ్లు పంచినా, ఐదు రోజుల టోర్నమెంట్‌లో ఒక మనిషి ఆడేవి రెండు వేలు దాటవు. వాటిని పట్టుకుని ప్రపంచంలో మేటి అనడం ఎలా?

మా మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసినన్నాళ్ళూ నేను మనుషుల్ని చూసిన పద్ధతి ఇదే. తేజ రకం మిర్చి రేటు ఎగబాకిన ఏడాది కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచిన ప్రతివాడూ మేధావే. అప్పు ఇచ్చేముందు ఆ ఏడాది లాభం నేను అడిగేవాణ్ణి కాదు. రేటు పడిపోతున్నప్పుడు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉంచాడు, ఎన్ని అమ్మాడు, ఎందుకు అప్పుడే అమ్మాడు అని అడిగేవాణ్ణి. కారణం చెప్పగలిగినవాడికి ఇచ్చేవాణ్ణి.

ఛాంపియన్‌నీ అలాగే అడుగు. ఎన్నేళ్ళుగా నిలబడ్డాడు? ఫిల్ హెల్‌మ్యూత్ 1989 లో ఇరవై నాలుగేళ్ళకి మెయిన్ ఈవెంట్ గెలిచాడు, 2023 నాటికి 17 బ్రేస్‌లెట్లు, అంటే వరల్డ్ సిరీస్‌లో 17 పోటీలు గెలిచాడు. డాన్ హారింగ్టన్ 1995 లో గెలిచి, 2003 లో ఇదే మనీమేకర్ టేబుల్ మీద మూడోస్థానం, మరుసటి ఏడాది 2,576 మందిలో నాలుగోస్థానం. అది కాకతాళీయంగా జరిగేది కాదు. గెలిచిన డబ్బు చూసి మాత్రం మోసపోకు. రికార్డుల్లో గెలిచినదే కనబడుతుంది, కట్టిన ఎంట్రీ ఫీజులు కనబడవు. ముందే వాటాలు అమ్ముకుని ఆడటం కూడా వాళ్ళలో మామూలే, అంత డబ్బూ జేబులోకి వెళ్ళిందనుకోవద్దు.

ఇప్పుడు నా తీర్పు. 2003 మేలో మనీమేకర్ ఆ హాల్లో అందరికన్నా మంచి ఆటగాడు కాదు. 86 డాలర్ల ఆన్‌లైన్ టోర్నమెంట్‌తో మొదలుపెట్టి పదివేల డాలర్ల సీటు సంపాదించిన అకౌంటెంటు అతను, 25 లక్షల డాలర్లతో బయటికొచ్చాడు. కానీ ధైర్యం, ఎదుటివాణ్ణి చదివే తెలివి ఉన్న ఆటగాడు. మరుసటి ఏడాది ఇంకో పెద్ద టోర్నమెంట్‌లో రెండోస్థానం తెచ్చుకున్నాడు. 2019 లో పోకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు కదా అని మీలో ఒకడు అన్నాడట. దాన్ని సాక్ష్యంగా తీసుకోను. అతన్ని చూసి మామూలు జనం ఎగబడ్డారు, 839 కాస్తా 2006 కి 8,773 అయింది. ఆ గౌరవంలో పెద్ద భాగం దానికే. మంచి ఆటగాడు అను, ఒప్పుకుంటాను. మహా ఆటగాడు అంటే మాత్రం ఒప్పుకోను.

ఇది నేర్చుకోవడానికి డబ్బు పెట్టి ఆడక్కర్లేదు. మన రాష్ట్రంలో 2020 నుంచే ఆన్‌లైన్‌లో పందెం కట్టి రమ్మీ, పోకర్ ఆడటం నేరం. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. ఎవడో యాప్ లింకు పంపితే ముట్టుకోకు, నామీద ఒట్టు.

పాత వీడియోలు చాలు. ఒక్కో పెద్ద నిర్ణయం దగ్గర ఆపెయ్యి. ఎదుటివాడి ముక్కలు కనిపించే భాగం మీద కాగితం అడ్డం పెట్టు. పాట్‌లో ఎంత ఉంది, ఎంత కట్టాలి, ఎదుటివాడు మొదటినుంచీ ఏం చెబుతున్నాడు, నువ్వైతే ఏం చేస్తావు, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసిపెట్టాకే ముందుకు నడిపించు. ఎవరు గెలిచారో అందులో రాయకు. ఓడిపోయిన హ్యాండ్లు సగమైనా ఉండాలి. ఫార్హా హ్యాండ్‌తో మొదలుపెట్టు, అతని వైపునుంచి. ఓ ముప్పై నలభై అయ్యాక ఆ నోట్‌బుక్ నాకు పంపు, నేను నా జవాబులు పక్కన రాసి తిరిగి పంపుతాను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న